గోడకి ఇటు బండి, అటు ఇంజిన్

ఈజిప్టులోని మీత్ గమ్ర్ ఊళ్ళో మెకానిక్కుల వీధి పొద్దున్న ఎనిమిదింటికి తెరుచుకుంటుంది. ముందు ఉస్తా లబీబ్ షట్టరు లేస్తుంది. ఉస్తా అంటే అక్కడ మేస్త్రీ. అది విని పక్కనే ఉన్న ఉస్తా బయ్యూమీ తన షట్టరు అంతకంటే పెద్ద చప్పుడుతో లేపుతాడు. పేరుకి రెండు షెడ్లు గాని, నిజానికి అది ఒకటే షెడ్డు. ఇంజిన్లు పైకెత్తే చైన్ పుల్లీ దూలం ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకటే. రేకుల కప్పూ ఒకటే. మధ్యలో మాత్రం ఒంటి ఇటుక గోడ ఒకటి నిలువునా లేచి దూలాన్ని తాకి ఆగింది. ఇటు బయ్యూమీ ఇంజిన్లు విప్పి బిగిస్తాడు. అటు లబీబ్ లేతు మెషీన్ మీద ఇనుము తరుగుతాడు, సిలిండర్లు బోరు చేస్తాడు. ఇద్దరికీ ఇరవై రెండేళ్ళుగా మాటల్లేవు.

టీ కొట్టు సనద్ ఒకే పళ్ళెంలో రెండు గ్లాసులు తెస్తాడు. ఒకటి ఇక్కడ దించి, వీధిలోకి వెళ్ళి, గోడ చుట్టూ తిరిగి రెండోది అక్కడ దించుతాడు. ఆ తిరుగుడులో రెండోది కాస్త చల్లారుతుంది కాబట్టి, ఈ రోజు ఎవరికి ముందు ఇవ్వాలో, నిన్న ఎవరికి ముందు ఇచ్చాడో గుర్తుపెట్టుకోవాలి. సనద్‌కి తన పిల్లల పుట్టినరోజులు గుర్తుండవు గాని ఇది మాత్రం తప్పలేదు.

ఆ రోజు పొద్దున్న టీ తాగుతుండగా ఏడు సీట్ల టాక్సీ నడిపే ఓ పెద్దాయన వచ్చాడు.

"ఉస్తా, మాది ఆసుపత్రి లైను. ఎక్కేవాళ్ళంతా ముసలాళ్ళే. మంచి పాత ఇంజిన్ ఒకటి చూసి పెట్టు. ఎంత పాతదైతే అంత మేలు."

"నీ లైసెన్సు ఎప్పటిది?" అన్నాడు బయ్యూమీ.

"డెబ్బై ఆరు."

"అయితే డెబ్బై ఏడుకి ఒక్క ఏడాది కూడా తగ్గను. వంతెన మధ్యలో క్లచ్చి ఎక్కడుందో మర్చిపోయావనుకో, జనం నన్ను తిడతారు."

పెద్దాయన ఒప్పుకున్నాడు. ఒప్పుకోక చేసేదేముంది. ఇంజిన్ ఏ ఏడాదిదో బండి ఆ ఏడాదిదే అన్నది ఆ ఊళ్ళో బడికెళ్ళే పిల్లలకి కూడా తెలుసు. పైనున్న బాడీ ఏ మోడలైనా కానివ్వండి, ఇంజిన్ వేడెక్కి తలుపులు మూసుకున్నాయంటే, లోపలున్నవాళ్ళ మీదనుంచి ఆ ఏడాది తర్వాత వచ్చినదంతా దిగిపోతుంది. మోకాళ్ళ నొప్పులు, చెవుడు, దిగుళ్ళు, పగలు, అన్నీ. మర్చిపోతారని కాదు. గుర్తుంటాయి గాని పక్క వీధి వాళ్ళెవరికో జరిగినట్టు ఉంటాయి. ఇంజిన్ ఆపి కిందికి దిగగానే ఎవరి బరువు వాళ్ళ నెత్తి మీదికి వచ్చేస్తుంది. అప్పటికి పుట్టనివాళ్ళయితే సీటు తగలడమే ఆలస్యం, గాఢనిద్ర. చంటిపిల్లలు రాత్రంతా ఏడ్చి చంపితే తల్లులు పొద్దున్నే పాత టాక్సీ ఎక్కి ఊరంతా ఓ చుట్టు తిరిగి వస్తారు.

ఇంకో పద్ధతి కూడా ఉంది. బండిలో అన్న మాట లెక్కలోకి రాదు. పాత ఇంజిన్ వెనక కూర్చుని ఎవరైనా ఎవరికైనా ఏమైనా మాటిస్తారు, అప్పటికి ఇంకా దెబ్బలు తినని మనుషులు కదా. అందుకని పిల్లనిస్తానన్నా, పొలం అమ్ముతానన్నా, క్షమించానన్నా, కిందికి దిగి కాళ్ళు నేలమీద పెట్టి మళ్ళీ అనాలి. అప్పుడే అది మాట.

గోడ సంగతి చెప్పాలి. డెబ్బైల్లో బయ్యూమీ, లబీబ్ ఇద్దరూ కలిసి షెడ్డు పెట్టారు. మొదటి సంపాదనతో ఓ తెల్ల ఫియట్ 125 కొని, తామే బాగుచేసి, శుక్రవారం బయ్యూమీ, ఆదివారం లబీబ్ వాడుకునేవారు. లబీబ్ పెళ్ళికి చర్చికి వెళ్ళింది ఆ బండిలోనే, నడిపింది బయ్యూమీయే. ఎనభై ఏడులో ఓ డాక్టరుగారి కారు వచ్చింది. లబీబ్ బోరు చేశాడు, బయ్యూమీ బిగించాడు. మూడో రోజు నది మీది జిఫ్తా వంతెన నడిమధ్యలో ఇంజిన్ పట్టేసింది. డాక్టరు వచ్చి, సనద్ టీ కొట్టు ముందు నిలబడి, తప్పెవరిదని నలుగురిలో అడిగాడు. బయ్యూమీకి నోరు ముందు, ఆలోచన తర్వాత.

"లబీబ్ చెయ్యి వణుకుతోంది. బోరు వంకరపోయింది" అనేశాడు.

లేతు పనివాడి చెయ్యి వణుకుతుందనడం అంటే ఆ మనిషిని బతికుండగానే పాతిపెట్టడం. లబీబ్ ఒక్క మాట తిరిగి అనలేదు. లేచి వెళ్ళి ఇటుకలు తెప్పించాడు. గోడ లేచింది. ఉన్నవన్నీ సగం సగం పంచుకున్నారు. ఫియట్ దగ్గరికి వచ్చేసరికి ఎవరూ తగ్గకపోవడంతో ఇంజిన్ దింపి అది లబీబ్, ఖాళీ బండి బయ్యూమీ తీసుకున్నారు. లబీబ్ ఆ ఇంజిన్‌ని ఎక్కువ రోజులు కళ్ళముందు ఉంచుకోలేక అబూ సరీ అనే రైతుకి నీళ్ళ పంపు కోసం ఇచ్చేశాడు. బండి మాత్రం గోడకి ఇటువైపు, దుప్పటి కప్పుకుని అలాగే ఉండిపోయింది.

ఎవరికీ తెలియనిది ఇంకొకటుంది. గొడవైన నెలకి బయ్యూమీ ఆ డాక్టరు ఇంజిన్‌ని ఒంటరిగా విప్పాడు. కింద ఆయిల్ చాంబర్‌లో, ఆయిల్ పీల్చే జాలీకి అడ్డంగా, అరచేతంత గుడ్డముక్క. చేతులు తుడుచుకునే గుడ్డ. తనదే. బోరు గీత గీసినట్టు నిటారుగా ఉంది. అప్పటికి గోడ ఛాతీ ఎత్తుకి వచ్చింది. ఈవేళ చెబుతాను, రేపు చెబుతాను అనుకుంటూ ఉండగా గోడ దూలాన్ని తాకింది. అయిదేళ్ళ కిందట లబీబ్ భార్య తెరేజా పోయినప్పుడు కూడా బయ్యూమీ వాళ్ళింటి వీధి చివర దాకా వెళ్ళి, అక్కడి నుంచి వెనక్కి తిరిగాడు. ఆ రోజు నుంచి లబీబ్ నవ్వడం ఎవరూ చూడలేదు.

ఇక ఆ పొద్దున్న, టాక్సీ పెద్దాయన వెళ్ళగానే, షెడ్డులోకి ఓ అమ్మాయి వచ్చి దుప్పటి కప్పిన బండి ముందు నిలబడింది. లబీబ్ కూతురు దిమ్యానా. గొడవైన మరుసటి ఏడు పుట్టింది. గోడ అవతల పెరిగింది కాబట్టి బయ్యూమీ ఆమెని ఎప్పుడూ ఎత్తుకోలేదు, వీధిలో కనిపిస్తే మటుకు జేబులో మిఠాయి ఉందేమోనని వెతుక్కునేవాడు.

"బయ్యూమీ బాబాయ్, వచ్చే ఆదివారం నా పెళ్ళి. ఈ బండి కావాలి" అంది.

"బండి కాదమ్మా ఇది, రేకు డబ్బా. దీనికి ఇంజిన్ లేదు."

"వెయ్యి. నువ్వు ఇంజిన్ మేస్త్రీవేగా." దుప్పటి చివర ఎత్తి తెల్లరంగు మీద వేలితో రాసి చూసింది. "మా అమ్మ ఇందులోనే వెళ్ళిందట. ఫోటో ఉంది మా ఇంట్లో. ఇంకోటి కూడా చెబుతాను విను. పెళ్ళయిన పది రోజులకి నేను అత్తారి ఊరు మిన్యా వెళ్ళిపోతాను. మా నాన్న ఒక్కడూ ఆ లేతుతో మాట్లాడుకుంటూ కూర్చుంటాడు. ఇప్పటికే దానికి గుడ్ మార్నింగ్ చెబుతున్నాడు. నువ్వు బండి నడపాలి, ఆయన నీ పక్క సీట్లో కూర్చోవాలి. కోపం ఉన్న మనిషి కూర్చోడు కాబట్టి ఎనభై ఏడుకి ముందటి ఇంజిన్ వెయ్యి."

"మీ నాన్నతో అన్నావా ఈ మాట?"

"అన్నాను. ముందు ఇంజిన్ దొరకనీ చూద్దాం అన్నాడు. ఆయన నోట్లోంచి ఇన్ని మాటలు వచ్చాయంటే అదే ఒప్పుకోవడం."

ముందు పాత ఇంజిన్ కోసమే అబూ సరీ పొలానికి వెళ్ళాడు బయ్యూమీ. డెబ్బై ఒకటి ఇంజిన్ అది. అబూ సరీకి నడుం పట్టేసింది ఎనభైలో. పంపు చుట్టూ రేకుల గది కట్టి, పాత కారు సీటు వేసుకుని, రోజంతా అందులోనే కూర్చుని తన పొలంతో పాటు ఊరందరి పొలాలూ తడిపేస్తున్నాడు.

"నా పొలం అడుగు, ఇస్తా. నా గేదెనడుగు, ఇస్తా" అన్నాడు లోపల్నుంచి. "ఈ గదిలోంచి నన్ను లేవమని మాత్రం అనకు."

ఇంకేం చేస్తాడు, కైరో వెళ్ళి పాత సామాన్ల వాడలో రెండు రోజులు తిరిగాడు. 125కి సరిపోయే ఇంజిన్ ఒక్కటీ లేదు. ఉన్నవన్నీ తొంభైలవి. చివరికి ఓ మూల, టైర్ల గుట్ట వెనక, ఓ లాడా కారు ఇంజిన్ కనిపించింది. సిలిండర్ హెడ్డు మీద అచ్చు గుద్ది ఉంది: ఎనభై నాలుగు. బయ్యూమీ టైర్లని రెండు చేతులా పక్కకి లాగేశాడు. ఏ ఇంజిన్ వయసైనా కింది దిమ్మ, అదే బ్లాకులో ఉంటుంది గాని పైన మూత లాంటి హెడ్డులో ఉండదని, హెడ్లు అంగీ మార్చినట్టు మారుస్తారని, పనిలో చేరినవాడికి మొదటి వారంలో తనే చెప్పే మనిషి. ఆ రోజు మటుకు కావలసిన అంకె కనిపించగానే చూపు అక్కడే అతుక్కుపోయింది. బ్లాకు పక్కన అరంగుళం మందాన జిడ్డు పేరుకుని ఉంది. దాన్ని గోకాలని కూడా తోచలేదు.

ఇంటికి తెచ్చాక భార్య అతియ్యాత్ వాకిట్లో నిలబడి చూసింది.

"లాడా గుండె తీసి ఫియట్‌కి పెడతావా? నీ బుద్ధి లాగే ఉంది పని."

"రెండూ ఒక చెట్టు కొమ్మలేనే. కాస్త సర్దితే కూర్చుంటుంది."

కూర్చోలేదు. ఇంజిన్ కాళ్ళు కోసి అతికించాడు, రేడియేటర్ రెండంగుళాలు ముందుకి జరిపాడు, చాంబర్ తగలకుండా అడ్డపట్టీ వంచాడు. అంతా చేసి గేర్ బాక్సు దగ్గరికి వచ్చేసరికి బోల్టు రంధ్రాల్లో సగం కలవలేదు. మధ్యలో ఒక ఉక్కు పలక కావాలి. ఇటు రంధ్రాలు ఇంజిన్‌వి, అటు రంధ్రాలు గేర్ బాక్సువి, మధ్యలో షాఫ్టు తిరిగే గుండ్రం వెంట్రుకవాసి తేడా లేకుండా రావాలి. జిల్లా మొత్తం మీద అలాంటి పలక తరిగే మనిషి ఒక్కడే ఉన్నాడు, గోడకి అవతల.

బయ్యూమీ రోజంతా గోడకేసి చూస్తూ కూర్చున్నాడు. సాయంత్రం టీకి వచ్చిన సనద్ ఆ చూపు చూసి, "అటు చెప్పనా?" అన్నాడు.

"చెప్పు. ఇంజిన్ ఎనభై నాలుగు అని చెప్పు. అది మర్చిపోకు."

సనద్ గోడ చుట్టూ తిరిగి వెళ్ళాడు. చాలాసేపటికి వచ్చాడు. "కొలతలు కాగితం మీద వద్దట. ఇంజినూ గేర్ బాక్సూ పంపమన్నాడు. నీ కొలతల మీద నమ్మకం లేదట."

"అలాగే అన్నాడా?"

"కాస్త మర్యాద తగ్గించి అన్నాడు. నేను చేర్చాను."

బుధవారం పొద్దున్న ఇంజిన్‌ని తోపుడుబండి మీద వీధిలోకి తెచ్చి, గోడ చుట్టూ తిప్పి అటు పంపించారు. వీధి వీధంతా పని ఆపి చూసింది. శనివారం సాయంత్రం తిరిగి వచ్చింది. పలక ఇంజిన్‌కి ముందే బిగించి ఉంది, అంచులు గోరు తగలనంత నున్నగా. బ్లాకు మీది జిడ్డు మాత్రం ఎలా వెళ్ళిందో అలాగే ఉంది. లబీబ్ అంత శుభ్రం పాటించే మనిషి ఆ జిడ్డెందుకు వదిలేశాడా అని బయ్యూమీకి అప్పుడు తోచలేదు. పలక మీద చెయ్యి ఆడిస్తూ ఉండిపోయాడు. ఇరవై రెండేళ్ళ తర్వాత ఆ చేతిపని తన చేతికింద ఉంది. వణుకు లేదు. ఎప్పుడూ లేదు.

ఆదివారం మధ్యాహ్నానికి ఆఖరి బోల్టు పడింది. బానెట్ తెరిచి ఉంచి, బయట నిలబడే స్టార్ట్ చేసి చెవి పెట్టి విన్నాడు. చక్కగా తిరుగుతోంది. బండిని ఓ చుట్టు తిప్పి చూసే సమయం లేదు, అతియ్యాత్ అప్పటికే రిబ్బన్లు కట్టేస్తోంది.

నాలుగింటికి బండి లబీబ్ ఇంటి ముందు ఆగింది. దిమ్యానా వచ్చింది. తెల్ల గౌను వెనక సీటంతా నిండి కిటికీల దాకా పొంగింది. ఎక్కి కూర్చోగానే తల వెనక్కి వాల్చి కళ్ళు మూసుకుంది. అది అందరూ అనుకున్నదే. ఎనభై నాలుగుకి ఆ పిల్ల ఇంకా పుట్టలేదు. ఆమె వెనక లబీబ్ వచ్చాడు. నల్ల సూటు, ఛాతీ జేబులో తెల్ల రుమాలు, అందులోనే అలవాటు కొద్దీ చిన్న స్టీలు స్కేలు. ముందు తలుపు తెరిచి, ఓ క్షణం ఆగి, కూర్చుని, రోడ్డుకేసి చూడటం మొదలుపెట్టాడు.

బయ్యూమీ అద్దంలో చూసి, "నిద్రపోయింది" అన్నాడు.

"ఊఁ" అన్నాడు లబీబ్.

ఇరవై రెండేళ్ళలో మొదటి మాట అది.

వెనక పది బండ్లు హారన్లు కొడుతూ వరస కట్టాయి. బయ్యూమీ కన్ను రోడ్డు మీద తక్కువ, వేడి ముల్లు మీద ఎక్కువ ఉంది. ముల్లు సగానికి వచ్చింది. మోకాళ్ళ నొప్పి పోయింది, క్లచ్చి మీద కాలు హాయిగా ఆడుతోంది. చెప్పొద్దూ, ఆ మోకాళ్ళ నొప్పి మొదలైంది తొంభై ఎనిమిదిలో. అయినా ఆ గుడ్డ సంగతి తలుచుకుంటే మనసులో బరువు ఉన్నట్టే ఉంది. ఇంకా పూర్తిగా వేడెక్కలేదేమో అనుకున్నాడు.

నది ఒడ్డు రోడ్డెక్కగానే లబీబ్ ముఖం మారింది. పెదవి చివర కదిలింది, తర్వాత భుజాలు కదిలాయి.

"తెరేజా పూలగుత్తి గుర్తుందా నీకు?" అన్నాడు.

బయ్యూమీ బిత్తరపోయాడు. "ఏ పూలగుత్తి?"

"మా పెళ్ళిది. ఇదే రోడ్డు. ఇదే సీటు. పొద్దుట్నుంచి ఏమీ తినలేదని పూలగుత్తిలో తామియా వడలు పెట్టిన రొట్టె దాచుకుని వచ్చింది. చర్చి మెట్ల మీద ఫాదర్ ముందు గుత్తిలోంచి ఊరగాయ ముక్క జారి పడింది."

"ఫాదర్ దాని మీద కాలేశాడు" అన్నాడు బయ్యూమీ. "జారబోతే నేనే పట్టుకున్నాను."

లబీబ్ గట్టిగా నవ్వాడు. కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వి, రుమాలు తీస్తే దానితో స్కేలు వచ్చి ఒళ్ళో పడింది, దానికీ నవ్వాడు. అయిదేళ్ళ దుఃఖం ఆ మనిషి మీదనుంచి దిగిపోవడం బయ్యూమీ కళ్ళారా చూశాడు. ఇంజిన్ పనిచేస్తోంది, సందేహం లేదు. మరి నా బరువెందుకు దిగదు? నాది మరీ బరువేమో, దిగడానికి టైము పడుతుందేమో అనుకున్నాడు.

వంతెన వచ్చింది. సరిగ్గా నడిమధ్య, డాక్టరు కారు పట్టేసిన చోటికి చేరారు. మాట నాలుక మీదికి వచ్చింది గాని బరువు తగ్గలేదు. ఇది దాటితే చర్చి. చర్చి దగ్గర ఇంజిన్ ఆపాలి. బయ్యూమీ స్టీరింగ్ గట్టిగా పట్టుకున్నాడు.

"లబీబ్. ఆ గుడ్డ నాది."

"ఏ గుడ్డ?"

"డాక్టరు బండిలో. చాంబర్‌లో గుడ్డ మర్చిపోయాను. అదే ఆయిల్‌కి అడ్డం పడింది. నీ బోరు నిటారుగా ఉంది. నెల తర్వాత విప్పి చూశాను. చూసి కూడా చెప్పలేదు. నలుగురిలో నీ చెయ్యి వణుకుతోందన్నాను. వణికింది నా నోరు. నన్ను క్షమించు."

అన్నంతసేపూ అతని చెవులు కాలిపోతున్నాయి. సిగ్గుతో సీట్లో కుంగిపోయాడు. పాత ఇంజిన్ బండిలో మనిషికి ఇంత సిగ్గు వేయకూడదే అని ఎక్కడో అనిపించింది కూడా. వెనక హారన్లు మోగుతున్నాయి. లబీబ్ చెయ్యి చాచి, గేరు రాడ్డు మీదున్న బయ్యూమీ చేతి మీద వేసి, వంతెన దిగేదాకా తీయలేదు.

చర్చి ముందు ఇంజిన్ ఆపాడు. మోకాళ్ళ నొప్పి వచ్చి కూర్చుంది. లబీబ్ ముఖం మీది నవ్వు నెమ్మదిగా వెళ్ళిపోయింది. దిమ్యానా కళ్ళు నులుముకుంటూ లేచి, "వచ్చేశామా?" అంది. లబీబ్ దిగి, తలుపు పట్టుకుని వంగి, "లోపలికి రా, బయట నిలబడకు" అని మాత్రం అన్నాడు.

పెళ్ళి బాగా జరిగింది. అతియ్యాత్ ఆడవాళ్ళందరికంటే గట్టిగా, నాలుక ఆడిస్తూ శుభం కూత వేసి, అది పదిమందీ విన్నారో లేదో చూసుకుంది. మర్నాడు పొద్దున్న లబీబ్ షట్టరు లేచింది, తర్వాత బయ్యూమీ షట్టరు. గోడ ఎక్కడుందో అక్కడే ఉంది. సనద్ చుట్టూ తిరిగాడు. వీధిలో ఎదురైతే ఇద్దరూ తల ఊపుకుంటున్నారు, అంతవరకే.

బయ్యూమీకి అన్నం సహించలేదు. బండిలో అన్న మాట బండిలోనే పోయింది. నేలమీద నిలబడి మళ్ళీ అనాలి. రోజూ సాయంత్రం లబీబ్ ఇంటి వీధి చివర దాకా వెళ్ళి వస్తున్నాడు. "కాళ్ళరగడం తప్ప నీకు దక్కేదేమీ లేదు, నాలుగడుగులు ఎక్కువ వేసి చెప్పి రావయ్యా" అంది అతియ్యాత్. నాలుగడుగులే. వంతెన మీద ఎలా వచ్చాయో ఆ మాటలు, ఇప్పుడు ఒక్కటీ రావడం లేదు. ఇంజిన్ అనిపించిందిగాని నేను అన్నానా, అనుకున్నాడు. నాకంత ధైర్యం ఎక్కడిది.

పదో రోజు మధ్యాహ్నం దిమ్యానా బస్బూసా మిఠాయి పళ్ళెంతో వచ్చింది. సాయంత్రం మిన్యా బస్సు. పళ్ళెం బల్ల మీద పెట్టి, బండి బానెట్ మీద చెయ్యి వేసి నిలబడింది.

"బాబాయ్, ఒక్కటే కోపం నాకు. మా అమ్మ పూలగుత్తిలో తామియా దాచుకుందని ఇన్నేళ్ళూ నాకెవరూ ఎందుకు చెప్పలేదు? ఫాదర్ ఊరగాయ మీద జారబోయాడట కదా!"

బయ్యూమీ నవ్వబోయి ఆగిపోయాడు.

"ఎవరు చెప్పారు నీకు?"

"మీరేగా, బండి..." అని నాలుక కరుచుకుంది.

"నువ్వు నిద్రపోయావుగా."

దిమ్యానా గోడకేసి చూసింది, పళ్ళెంకేసి చూసింది. "నాన్నే చెప్పాడు. బండెక్కగానే కళ్ళు మూసుకో, ఏం విన్నా తెరవకు అన్నాడు. ఎందుకని అడిగితే, నువ్వు తెరిస్తే అతను మాట్లాడటం ఆపేస్తాడు అన్నాడు. బాబాయ్, నాకు బస్సు టైమవుతోంది." బుగ్గ మీద ముద్దు పెట్టి పారిపోయింది.

బయ్యూమీ బానెట్ ఎత్తాడు. కిరసనాయిల్‌లో గుడ్డ ముంచి బ్లాకు పక్కన జిడ్డు తుడిచాడు. రెండు తుడుపులకే వచ్చేసింది. ఆ జిడ్డు పాతది కాదు. ఎవరో ఒకసారి శుభ్రంగా తుడిచి, చూసి, మళ్ళీ పూసినది. కింద పోతపోసిన అంకెలు స్పష్టంగా బయటపడ్డాయి. తొంభై ఒకటి.

ఎనభై ఏడు తర్వాత నాలుగేళ్ళకి పుట్టిన ఇంజిన్. మోకాళ్ళ నొప్పి దింపింది, తెరేజా దుఃఖం దింపింది. గొడవని మాత్రం తాకనే లేదు. వంతెన మీద గొడవ మొత్తం బండిలోనే ఉంది, ఇద్దరి మధ్యా కూర్చుని ఉంది. చెవులు కాలింది నిజం. సిగ్గు నిజం. ఆ మాట ఇంజిన్ అనలేదు, అతనే అన్నాడు. మొత్తం బరువు మోస్తూ అన్నాడు. అంటే అది లెక్కలోకి వచ్చే మాట.

ఆ గుడ్డ చేతిలో పట్టుకునే వీధిలోకి వెళ్ళాడు. ఈసారి ఎక్కడా ఆగలేదు. గోడ చుట్టూ తిరిగి లబీబ్ షెడ్డులోకి వెళ్ళి లేతు ముందు నిలబడ్డాడు. లబీబ్ మెషీన్ ఆపి, కళ్ళజోడు నుదుటి మీదికి తోశాడు.

"తొంభై ఒకటి" అన్నాడు బయ్యూమీ.

"తెలుసు."

"ఎప్పట్నుంచి?"

"నంబరు చూడకుండా నేనేదీ బల్ల మీద పెట్టను. బుధవారం పొద్దున్నే చూశాను."

"బుధవారమే తెలిసి... కోపం దిగదని తెలిసే నా పక్కన కూర్చున్నావా?"

"పిల్ల అడిగింది." లబీబ్ ఇనుప రజను చేత్తో పక్కకి తోశాడు. "ఏం చెబుతావో విందామనీ ఉంది. విన్నాను. అప్పుడు దిగింది. ఇంజిన్ దించలేదు."

"మరి ఈ పది రోజులూ చెప్పవేం? అన్నం తినలేక చచ్చాను. సనద్ చేత ఒక్క ముక్క చెప్పించినా సరిపోయేదిగా. నీ ఇంజిన్ తప్పురా, హెడ్డు చూసి మోసపోయావురా, బ్లాకు చూసుకోవడం కూడా రాదా అని."

లబీబ్ కళ్ళజోడు మళ్ళీ దించుకుని, గోడకేసి కాసేపు చూశాడు.

"ఎనభై నాలుగు అని వీధంతా చెప్పుకున్నావు బయ్యూమీ" అన్నాడు. "నలుగురిలో నీ పని తప్పని నేనెలా అంటాను?"

బయ్యూమీ చేతిలో ఉన్న జిడ్డుగుడ్డతోనే కళ్ళు తుడుచుకున్నాడు, ముఖమంతా నలుపైంది. లబీబ్ అది చూసి మొదట పెదవి కదిపాడు, తర్వాత భుజాలు కదిలాయి, ఇంజిన్ లేదు, బండి లేదు, లేతు కూడా ఆగి ఉంది, నేలమీద నిలబడి గట్టిగా నవ్వాడు. గుడ్డ లాక్కుని దూరంగా పారేసి, "ముందు ఈ గుడ్డలు ఎక్కడ పడితే అక్కడ వదిలేసే అలవాటు మానుకో" అన్నాడు.

అప్పుడే సనద్ పళ్ళెంతో లోపలికి వచ్చాడు. ఇద్దర్నీ చూశాడు. ఈ రోజు ఎవరికి ముందు ఇవ్వాలో ఒక్క నిమిషం ఆలోచించి, పళ్ళెం మొత్తం ఇద్దరి మధ్యా లేతు బల్ల మీద పెట్టేసి, ఇంక తిరగాల్సిన పని లేదు కాబట్టి తను కూడా ఓ ఇటుక మీద కూర్చున్నాడు.